బోరియల్ ఫెల్ట్ లైకెన్: వ్యాప్తి, పరిరక్షణ స్థితి

ఎరియోడెర్మా పెడిసెల్లాటమ్ అనే శాస్త్రీయ నామం గల ఈ లైకెన్ ఉత్తరార్ధగోళపు చల్లని, తేమ నిండిన శృంగాకార అడవుల్లో చెట్ల బెరడును అంటిపెట్టుకుని పెరుగుతుంది. వాడుకలో దీన్ని బోరియల్ ఫెల్ట్ లైకెన్ అంటారు. కెనడా తూర్పు తీరం, అలాస్కా, రష్యాలోని కమ్‌చట్కా ద్వీపకల్పం, నార్వే దీని స్థావరాలు. ఒకదానికొకటి వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ తావుల్లో కూడా అది అడవంతా పరుచుకుని ఉండదు. ఇక్కడ పది చెట్ల మీద, అక్కడ ఐదు చెట్ల మీద అన్నట్టుగా ఉంటుంది. ఐయూసీఎన్ ప్రపంచస్థాయి ఎర్ర జాబితాలోకి 2003లో తొలిసారిగా రెండు లైకెన్లు ఎక్కాయి. ఒకటి ఇది, రెండోది ఫ్లోరిడా ఇసుక నేలల్లో పెరిగే క్లాడోనియా పెర్ఫొరాటా. ఫెల్ట్ లైకెన్‌ను అప్పుడే అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న వర్గంలో చేర్చారు.

లైకెన్ అంటే ఒక శిలీంధ్రం, దానితో కాపురం చేసే కిరణజన్య సంయోగక్రియ జరిపే భాగస్వామి కలిసి కట్టుకున్న శరీరం. బిర్యానీ మసాలాలో పడే రాతిపువ్వు తెలుగువారికి బాగా తెలిసిన లైకెన్. ఎక్కువ లైకెన్లలో ఆ భాగస్వామి ఆకుపచ్చ శైవలం. ఫెల్ట్ లైకెన్‌లో మాత్రం సయనోబాక్టీరియా, అంటే పాత పుస్తకాల్లో నీలి ఆకుపచ్చ శైవలం అని రాసినది. దీన్ని మొదట స్కైటోనీమా ప్రజాతిగా లెక్కించారు, డీఎన్ఏ పరిశీలనల తరువాత రైజోనీమాగా గుర్తించారు. ఇది ఎండ నుంచి ఆహారం తయారుచేయడమే కాక గాలిలోని నత్రజనిని కూడా స్థాపిస్తుంది. సారం తక్కువైన బెరడు మీద బతకడానికి అది పెద్ద ఆసరా. ఈ లైకెన్ కష్టాల్లో చాలా భాగం కూడా ఈ భాగస్వామి నుంచే మొదలవుతుంది.

రూపం, పునరుత్పత్తి

ఫెల్ట్ లైకెన్ ఆకువంటి లైకెన్. థాలస్ అనే దాని శరీరం సాధారణంగా రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు ఉంటుంది, అనుకూలమైన చోట పది సెంటీమీటర్లు దాటుతుంది. ఎండిపోయినప్పుడు పైభాగం బూడిద గోధుమ రంగులో, పక్కనున్న బెరడుకీ దానికీ తేడా తెలియనట్టు ఉంటుంది. ఒక చినుకు పడితే చాలు, కొద్ది నిమిషాల్లో పలక నీలంలోకి తిరుగుతుంది. భూతద్దం పెట్టి చూస్తే పైన అంతటా సన్నని నూగు కనిపిస్తుంది. అంచులు కొద్దిగా పైకి మడుచుకుని, అడుగున దట్టంగా ఉన్న తెల్లటి ఉన్నివంటి నూగును బయటపెడతాయి. దూరం నుంచి చూసేవారికి అది తెల్లటి కట్టు కట్టినట్టు కనబడుతుంది. ముదిరిన థాలస్ మీద ఎర్ర గోధుమ రంగు చుక్కలు, చిట్టి కాడల మీద నిలబడి ఉంటాయి. ఇవే సిద్ధబీజాలు తయారయ్యే ఫలదేహాలు. అడవిలో సర్వే చేసేవారు పొడి రోజుల కంటే వాన వెలిసిన రోజులనే ఇష్టపడతారు. నీలం రంగు, తెల్లని అంచు, ఎర్రని చుక్కలు మూడూ ఒకచోట కలిస్తే ఇక వేరే లైకెన్‌తో పొరబడే అవకాశం తక్కువ.

చాలా లైకెన్లు తమ శరీరపు పొడినో చిన్న ముక్కలనో రాల్చి వ్యాపిస్తాయి. అలా రాలిన ప్రతి ముక్కలోనూ శిలీంధ్రం, భాగస్వామి కలిసే ఉంటాయి కాబట్టి కొత్త చెట్టు మీద నేరుగా కాపురం పెట్టగలవు. ఫెల్ట్ లైకెన్‌కు అలాంటి సాధనం లేదు. దాని ఫలదేహాల నుంచి వెలువడేది శిలీంధ్రపు సిద్ధబీజం ఒక్కటే. అది గాలిలో తేలి, తగిన చెట్టుమీద, తగిన తేమలో వాలాలి. వాలిన చోట తనకు పనికొచ్చే సయనోబాక్టీరియా దొరకాలి. దొరకకపోతే మొలక అక్కడితో ముగుస్తుంది.

ఆ సయనోబాక్టీరియా ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు ఒక ఆసక్తికరమైన జవాబు వచ్చింది. అట్లాంటిక్ తీరపు ఫర్ చెట్ల మీద ఫ్రులానియా అనే ఎర్ర గోధుమ లివర్‌వర్ట్ విరివిగా పాకుతుంది. దాని ఆకుల అడుగున శిరస్త్రాణం ఆకారంలో చిన్న తిత్తులుంటాయి, వాటిలో నీరు నిలుస్తుంది. ఆ నీళ్లలో సయనోబాక్టీరియా బతుకుతుంది. అక్కడికి చేరిన సిద్ధబీజానికి నీడ, నీరు, భాగస్వామి ఒకేచోట దొరుకుతాయని, ఫెల్ట్ లైకెన్ తొలి దశ అక్కడే గడుస్తుందని ఈ జాతిని అధ్యయనం చేసినవారు భావిస్తారు. అట్లాంటిక్ కెనడాలో పసి థాలస్‌లు తరచు ఫ్రులానియా తీగల మధ్యనే కనిపించడం ఈ భావనకు బలమిస్తుంది. కాబట్టి చెట్టు ఒక్కటే మిగిల్చి దాని మీది చిన్న పచ్చదనం ఎండిపోయేలా చేస్తే, మిగిల్చిన చెట్టు వల్ల పెద్ద ఉపయోగం ఉండదు.

రెండుసార్లు పేరు పొందిన జాతి

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పుష్పించని మొక్కల శాస్త్రం బోధించిన విలియం ఫార్లో 1902లో న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతంలోని కాంపొబెల్లో దీవిలో ఈ లైకెన్‌ను సేకరించాడు. అమెరికా రాష్ట్రమైన మెయిన్‌కు కూతవేటు దూరంలో, ఎప్పుడూ మంచు తెరలు కమ్ముకునే దీవి అది. ఆ నమూనాను పరిశీలించిన ఫ్రెంచి మతాచార్యుడు, లైకెన్ శాస్త్రవేత్త ఓగుస్త్ హ్యూ 1911లో దానికి పన్నారియా పెడిసెల్లాటా అని పేరు పెట్టాడు. ఆ తరువాత దాని గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

స్కాండినేవియాలో శృంగాకార వృక్షాల మీది లైకెన్లను గాలించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు స్టెన్ ఆల్నర్‌కు స్వీడన్, నార్వేల్లో ఒక అపూర్వమైన లైకెన్ దొరికింది. 1948లో వెలువరించిన తన బృహత్ గ్రంథంలో దాన్ని ఎరియోడెర్మా బోరియలే అనే కొత్త జాతిగా వర్ణించాడు. నార్వేకు చెందిన పేర్ మాగ్నస్ యోర్గెన్సెన్ పాత నమూనాలను మళ్లీ తీసి చూసి, హ్యూ వర్ణించినదీ ఆల్నర్ వర్ణించినదీ ఒకటేనని 1972లో తేల్చాడు. అట్లాంటిక్‌కు అటూ ఇటూ ఒకే జాతి ఉందని లోకానికి అలా తెలిసింది.

ఎరియోడెర్మా ప్రజాతిలోని జాతుల్లో అత్యధికం ఉష్ణమండలానివి. ఆండీస్ పర్వతాల మేఘారణ్యాలు, ఆగ్నేయాసియా కొండలు వాటి పుట్టిళ్లు. మంచు కురిసే ఉత్తరాది అడవుల్లో స్థిరపడినది దాదాపు ఇదొక్కటే. మేఘం తాకే అడవి తడిని వెతుక్కునే గుణం మాత్రం బంధువులందరిదీ, దీనిదీ ఒకటే. దాని వ్యాప్తి పటం చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలా చుక్కలకు అర్థం దొరుకుతుంది.

ఎక్కడెక్కడ ఉంది

కెనడాలోని నోవా స్కోషియాలో ఇది అట్లాంటిక్ తీరం వెంబడి, సముద్రానికి ముప్పై కిలోమీటర్లకు మించని లోతట్టులో ఉంటుంది. అక్కడ దాని ఆతిథేయి బాల్సమ్ ఫర్. స్ఫాగ్నమ్ నాచు పరుచుకున్న చిత్తడి పక్కన, నీడ ఎక్కువుండే ఉత్తర దిక్కుకు తిరిగిన మాను భాగం మీద దాన్ని వెతకాలి. ఈ లక్షణాలన్నిటినీ భౌగోళిక సమాచార వ్యవస్థలో కలిపి, లైకెన్ ఉండగల చోట్లను పటం మీద ముందే గుర్తించే నమూనాను రాబర్ట్ కామెరన్, టామ్ నీలీ 2008లో ప్రచురించారు. ఫర్ చెట్ల వయసు, చిత్తడికి దూరం, తీరానికి దూరం వంటివి అందులో ప్రమాణాలు. అంతకుముందు తెలిసిన స్థావరాలు వేళ్లమీద లెక్కపెట్టేంత తగ్గిపోయిన ప్రాంతంలో ఈ పద్ధతితో ఎన్నో కొత్త స్థావరాలు బయటపడ్డాయి. న్యూ బ్రన్స్‌విక్‌లో, అంటే మొట్టమొదట దొరికిన ప్రాంతంలో, అది ఇప్పుడు లేదు.

న్యూఫౌండ్‌లాండ్ దీవి పరిస్థితి వేరు. 1990లలో జరిగిన విస్తృత అన్వేషణలో అక్కడ వేల సంఖ్యలో థాలస్‌లు ఉన్నాయని తేలింది. తూర్పున అవలాన్ ద్వీపకల్పంలోని అడవులు, దక్షిణాన బే డెస్పువార్ పరిసరాలు ప్రధాన కేంద్రాలు. లాబ్రడార్ శీతల ప్రవాహం, గల్ఫ్ స్ట్రీమ్ ఉష్ణ ప్రవాహం ఎదురెదురయ్యే చోటుకు దగ్గరగా ఉండటం వల్ల ఇక్కడ పొగమంచుకు కొదవలేదు. అవలాన్‌లోని అర్జెన్షియా అనే రేవులో ఏటా 200 రోజులకు పైగా పొగమంచు కమ్ముతుంది. హిమానీనదాలు వదిలివెళ్లిన మొరైన్ గుట్టల వరసలు, వాటి మధ్య నీటి మడుగులు, గుట్టల వాలులో నాచు కప్పిన ఫర్ చెట్లు. అవలాన్ అడవి స్వరూపం ఇది. ఫెల్ట్ లైకెన్‌కు కావలసినవన్నీ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

ఇది అట్లాంటిక్ జాతి అన్న అభిప్రాయం ఈ శతాబ్దంలో మారిపోయింది. అలాస్కాలోని డెనాలి జాతీయ ఉద్యానంలో వృక్షజాలాన్ని నమోదు చేస్తున్నప్పుడు ఫెల్ట్ లైకెన్ బయటపడిందని 2009లో ప్రకటించారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో అది తొలి నమోదు. ఆ తరువాతి సర్వేలు మరింత ఆశ్చర్యం కలిగించాయి. ప్రపంచంలో తెలిసిన అతి పెద్ద సమూహం అక్కడే ఉంది. పసిఫిక్ నుంచి వచ్చే తేమను అలాస్కా పర్వతశ్రేణి అడ్డగిస్తుంది కాబట్టి శ్రేణికి దక్షిణంగా ఉన్న లోయలు తడిగా ఉంటాయి. అక్కడ లైకెన్ తెల్ల స్ప్రూస్ కొమ్మల మీద, చిట్టికొమ్మల మీద పెరుగుతుంది. న్యూఫౌండ్‌లాండ్‌లో మాను మీద చూసి అలవాటైన కళ్లకు కొమ్మల మీద వెతకాలని తోచకపోవచ్చు.

బేరింగ్ సముద్రానికి అవతల, కమ్‌చట్కాలోని స్ప్రూస్ అడవుల్లో కూడా అది ఉన్నట్టు 2012లో రష్యా శాస్త్రవేత్తలు ఇరీనా స్తెపాన్‌చికోవా, ద్మిత్రి హిమెల్‌బ్రాంత్ నివేదించారు. ఆసియా ఖండంలో దాని ఉనికి అలా స్థిరపడింది.

ఐరోపా సంగతి బాధాకరం. స్వీడన్‌లో అది పెరిగిన అడవిని నరికేశారు, దానితో ఆ దేశం నుంచే జాతి పోయింది. నార్వేలో ట్రాండెలాగ్ ప్రాంతపు తీరారణ్యాల్లో, వాగుల పక్కన స్ప్రూస్ కొమ్మల మీద ఉండేది. అక్కడివారు దాన్ని ట్రాండర్‌లావ్ అంటారు. ఆ స్థావరాలు చాలావరకు ఖాళీ అయ్యాయి. నార్వేలో మిగిలినది అతి కొద్ది. ఖండం మొత్తానికి ఆ దేశంలోని కొన్ని చెట్లే దానికి ఆధారం.

తడి, ఆమ్లం

ఆకుపచ్చ శైవలం గల లైకెన్లు గాలిలోని నీటి ఆవిరిని పీల్చుకుని కూడా కిరణజన్య సంయోగక్రియ మొదలుపెట్టగలవు. సయనోబాక్టీరియా గల లైకెన్లకు అది చేతకాదు. వాటికి నీరు నీటిగానే కావాలి. వాన చుక్క, మాను వెంట జారే ధార, పొగమంచు ఆకులకు తగిలి కారే తడి వాటికి అవసరం. అందువల్ల ఒక అడవిలో గాలి తేమగానే ఉన్నా, చుట్టూ చెట్లు కొట్టేసి ఎండ, గాలి లోపలికి చొరబడితే లైకెన్ తడిగా ఉండే గంటలు తగ్గిపోతాయి. అది వెంటనే చావదు. పెరుగుదల ఆగుతుంది, అంచులు మాడతాయి, కొన్నేళ్లలో రాలిపోతుంది. చెట్లు కొట్టిన చోటికి కొన్ని వందల మీటర్ల దూరంలో ఉన్న లైకెన్లలో కూడా మరణాలు పెరిగినట్టు నోవా స్కోషియా పరిశీలనలు చూపాయి.

రెండో బలహీనత ఆమ్లం. సల్ఫర్ డయాక్సైడ్, ఆమ్ల వర్షం నత్రజని స్థాపనను దెబ్బతీస్తాయి. సయనోబాక్టీరియా లైకెన్లు కాలుష్యానికి మొదట లొంగిపోయే వర్గం. బాల్సమ్ ఫర్ బెరడు సహజంగానే కొంత ఆమ్లగుణం కలది, పైనుంచి పడే ఆమ్లాన్ని తటస్థం చేసే శక్తి దానికి తక్కువ. ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి అమెరికా, మధ్య కెనడాల పారిశ్రామిక ప్రాంతాల పొగ గాలివాటున తూర్పు తీరానికి చేరింది. తీరపు పొగమంచు కూడా ఆమ్లాన్ని మోసుకొచ్చింది. ఏ మంచు తడితో లైకెన్ బతుకుతోందో ఆ తడిలోనే విషం కలిసింది. 1990లో అమెరికా తన స్వచ్ఛవాయు చట్టాన్ని సవరించింది, 1991లో ఆ దేశం కెనడాతో వాయు నాణ్యత ఒప్పందం చేసుకుంది. సల్ఫర్ ఉద్గారాలు ఆ తరువాత బాగా తగ్గాయి. నేలలో, బెరడులో పేరుకున్న ఆమ్లం మాత్రం అంత తొందరగా వదలదు.

తరువాతి చెట్టు

ఈ జాతి పరిరక్షణలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం చెట్టు ఆయుష్షు అని నా అభిప్రాయం. బాల్సమ్ ఫర్ దీర్ఘాయువు గల చెట్టు కాదు. తీరపు తడి నేలల్లో సాధారణంగా నూరేళ్లు నిండకముందే మాను కుళ్లి, గాలికి కూలుతుంది. లేత చెట్టు మీద ఫెల్ట్ లైకెన్ నిలవదు. బెరడు ముదిరి, ఫ్రులానియా పాకి, నీడ కుదిరిన తరువాతే దానికి చోటు. అంటే ఏ చెట్టు మీదైనా అది ఉండగలిగేది చెట్టు జీవితంలో చివరి భాగం మాత్రమే. ఆ చెట్టు పడిపోయేలోగా దాని సిద్ధబీజం పక్కన ముదురుతున్న మరో చెట్టును చేరాలి. లైకెన్ ఉన్న చెట్టుకు గుర్తు కట్టి, దాని చుట్టూ ఒక వలయం గీసి కాపాడితే ఆ ఒక్క తరం నిలుస్తుంది. వచ్చే తరం నిలవాలంటే అన్ని వయసుల చెట్లూ కలిసిన అడవి ఆ వలయం దాటి కూడా ఉండాలి.

న్యూఫౌండ్‌లాండ్‌లో ఈ గొలుసును తెంపుతున్న వాటిలో దుప్పి కుటుంబానికి చెందిన మూస్ ఒకటి. అది ఆ దీవి జంతువు కాదు. 1904లో న్యూ బ్రన్స్‌విక్ నుంచి నాలుగింటిని తెచ్చి హౌలీ దగ్గర వదిలారు. దీవిలోని తోడేళ్లు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో అంతరించాయి, అడ్డూ ఆపూ లేక మూస్ సంఖ్య లక్ష దాటింది. శీతాకాలంలో వాటికి ప్రీతిపాత్రమైన మేత బాల్సమ్ ఫర్ మొక్కలు. ముదురు చెట్లు కూలిన చోట పైకి రావలసిన మొక్కలను మూస్ మొదలంటా కొరికేస్తే అక్కడ అడవి మళ్లీ మూసుకోదు. లైకెన్‌ను మూస్ ముట్టుకోదు. లైకెన్ నిలబడవలసిన రేపటి చెట్టును తింటుంది. కంచె వేసి మూస్‌ను రానివ్వని చోట ఫర్ మొక్కలు లేవడం, కంచె బయట లేవకపోవడం ఆ దీవిలో కంటికి కనిపించే వాస్తవం.

మిగిలిన ముప్పుల్లో నరుకుడు పాతది, పెద్దది. కలప, కాగితపు గుజ్జు కోసం ఒకేసారి అడవి మొత్తం కొట్టేయడం ఒక ఎత్తు, పొయ్యిలోకి కట్టెల కోసం ఇళ్లవాళ్లు కొట్టుకోవడం ఇంకొక ఎత్తు. స్ప్రూస్ బడ్‌వార్మ్, హెమ్లాక్ లూపర్ వంటి పురుగులు ఫర్ తోపులను తుడిచిపెడతాయి. ఐరోపా నుంచి ఓడల్లో వచ్చి స్థిరపడిన గుల్లలేని నత్తలు కొన్నిచోట్ల థాలస్‌లను గీకి తింటున్నాయి. తీరంలో పొగమంచు రోజులు తగ్గినా, తుపానులు పెరిగినా నష్టం ఈ లైకెన్‌కే.

చట్టం దృష్టిలో

కెనడాలో జాతుల స్థితిని మదింపు చేసే కోసెవిక్ సంఘం 2002లో ఈ లైకెన్‌ను రెండు జనాభాలుగా విడదీసి చూసింది. నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్‌లది అట్లాంటిక్ జనాభా. అక్కడ రెండు దశాబ్దాల్లో స్థావరాలు, థాలస్‌లు తొంభై శాతానికి పైగా తగ్గినట్టు తేలడంతో దాన్ని ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించారు. న్యూఫౌండ్‌లాండ్ దీవిది బోరియల్ జనాభా. సంఖ్య ఎక్కువ కాబట్టి దానికి ప్రత్యేక శ్రద్ధ అవసరమైన స్థాయి ఇచ్చారు. 2014లో జరిగిన పునఃపరిశీలనలోనూ ఈ రెండు స్థాయిలూ కొనసాగాయి. సమాఖ్య స్థాయిలోని ప్రమాదస్థ జాతుల చట్టం కింద రెండు జనాభాలూ నమోదయ్యాయి. ప్రాంతీయ చట్టాల రక్షణ కూడా ఉంది. నోవా స్కోషియాలో ప్రభుత్వ అడవుల్లో చెట్లు కొట్టే ముందు లైకెన్ కోసం సర్వే చేయడం, ఉన్న చోటు చుట్టూ అడవిని కొట్టకుండా వదలడం నియమం. డెనాలిలో జాతీయ ఉద్యాన హోదాయే దాని రక్షణ.

అలాస్కా, కమ్‌చట్కా స్థావరాల సంగతి తెలియక ముందే, 2003లోనే, ప్రపంచస్థాయి మదింపు జరిగిపోయింది. కొత్త లెక్కలు చూసి ఈ జాతికి ఇక భయం లేదనుకుంటే అది తొందరపాటు. ఫలదేహపు సిద్ధబీజం తప్ప వ్యాప్తి సాధనం లేని లైకెన్‌కు డెనాలి నుంచి నార్వేకు దారి లేదు. ఒక తీరంలో పోయినదాన్ని ఇంకో తీరం పూరించలేదు. కెనడా రెండు జనాభాలను వేరువేరుగా తూచడం అందుకే సరైన పని.

ఫెల్ట్ లైకెన్ కోసం కాపాడిన నోవా స్కోషియా తోపుల్లో దాని వంటి తడి, శుభ్రమైన గాలి కోరే ఇతర సయనోబాక్టీరియా లైకెన్లకూ నీడ దొరుకుతుంది. దాని దగ్గరి బంధువు ఎరియోడెర్మా మొల్లిసిమమ్ వాటిలో ఒకటి. కోసెవిక్ దాన్ని కూడా ప్రమాదంలో ఉన్నదిగా గుర్తించింది. మేపుల్ మాను మీద ఎక్కువగా కనిపించే బ్లూ ఫెల్ట్ లైకెన్‌కు ప్రత్యేక శ్రద్ధ స్థాయి ఉంది; 2022లో నోవా స్కోషియా దాన్ని తన అధికారిక లైకెన్‌గా ఎంచుకుంది.